ఎర్త్ లేని బండి

తొమ్మిదేళ్లు పనిచేసినా సువార్తకు ఉస్తాద్ మాట పడలేదు.

గుంటూరు దాటాక హైవేని ఆనుకుని ఉన్న ఆ ఆటోనగర్‌లో ఒక కట్టుబాటు ఉండేది. ఎవరైనా సొంతంగా షెడ్డు పెట్టుకోవాలంటే, వాళ్లకు పని నేర్పిన ఉస్తాద్ కమిటీ ముందు లేచి నిలబడి, "వీడు నా చెయ్యి" అనాలి. కాగితం లేదు, సంతకం లేదు. ఆ మాట పడినవాడికి షెడ్డు. పడనివాడు జుట్టు నెరిసేదాకా ఇంకొకడి షెడ్డులో పానాలు అందించుకుంటూ ఉండాల్సిందే. మాట ఇచ్చిన ఉస్తాద్‌కూ బరువే. రేపు ఆ శిష్యుడు ఎవరి బండి పాడుచేసినా, జనం వచ్చి ముందు ఉస్తాద్‌ని నిలదీస్తారు.

ఖాసిం ఉస్తాద్ బండ్ల కరెంటు పనిలో పేరున్నవాడు. డెబ్బై దాటాయి. కళ్లకు శుక్లాలు వచ్చి, వైరు రంగు వేరే వాళ్లు చెప్పాల్సి వస్తోంది. అయినా వేళ్లతో తడిమి ఏ వైరు ఎటు పోతుందో చెప్పగలడు. అప్పటికి అయిదుగురు శిష్యులకు మాట వేశాడు. అయిదోవాడు ఆయన దగ్గర మూడేళ్లే ఉన్నాడు. ఆ మూడేళ్లలోనే ఒక జీపు వైరింగు మొత్తం బొగ్గు చేశాడు. వాడికిప్పుడు రెండు షెడ్లు.

సువార్త అక్కడికి ఎలా వచ్చిందో అందరికీ తెలుసు. మొగుడి ఆటోలో వైరు కాలితే ఒక్కతే తోసుకుంటూ తెచ్చింది. ఉస్తాద్ బాగుచేస్తున్నంతసేపూ ఎండలో నిలబడి చూసింది. మర్నాడు ఆటో లేకుండా వచ్చి, షెడ్డు ముందు కూర్చుని, ఈ పని నాకూ నేర్పమంది. ఉస్తాద్ అవుననలేదు, కాదనలేదు. చేతిలో ఉన్న వైరు ముక్క ఆమెకిచ్చి, పై తొడుగు ఒలవమన్నాడు. లోపలి రాగిపోగు ఒక్కటి కూడా తెగకుండా ఒలిచింది. ఆ రోజు నుంచి ఉంది.

ఆటోనగర్‌లో మగవాళ్ల నోళ్లకు గ్రీజు అక్కర్లేదు, వాటంతటవే తిరుగుతాయి. మొదటి ఏడాది అంతా తమాషా చూశారు. రెండో ఏడాది జాలిపడ్డారు. మూడో ఏడాది నుంచి, తమ వల్ల కాని బండ్లు మెల్లగా ఖాసిం షెడ్డుకు పంపి, బాగయ్యాక "ఖాసిం చేతిలో మహిమ ఉందయ్యా" అనడం నేర్చుకున్నారు. ఆ చెయ్యి ఎవరిదో వాళ్లకు తెలుసు. తెలిసినా నోటికి రాదు. ఒకడు మాత్రం ఒకసారి, నువ్విక్కడుంటే ఇంట్లో వంట ఎవరు చేస్తారమ్మా అని అడిగాడు. ఆకలేసినవాళ్లు చేస్తారని చెప్పింది. మళ్లీ అడగలేదు.

ఆ వేసవిలో పదిహేడో నంబరు షెడ్డు ఖాళీ అయింది. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి కమిటీ కూర్చుని అది ఎవరికివ్వాలో తేలుస్తుంది. గురువారం మధ్యాహ్నం సువార్త చేతిలో పని కిందపెట్టి, ఉస్తాద్ ఎదుట నిలబడింది.

"రేపు కమిటీ. నాకు మాట వేస్తారా, వెయ్యరా?"

ఉస్తాద్ సాసర్లో టీ పోసుకుని ఊదుకున్నాడు.

ఆమె ఊరుకోలేదు. అయిదుగురు శిష్యుల పేర్లూ వరసగా అప్పజెప్పింది. ఎవరు ఏ బండి పాడుచేశారో, దాన్ని మళ్లీ ఎవరు దారిలో పెట్టారో చెప్పింది. తన పనిలో లోటుంటే చూపించమంది. లేకపోతే, ఆడదానివి కాబట్టి వెయ్యనని నోరు తెరిచి అనమంది. దాచుకున్న మాట కన్నా అన్న మాటే నయం, దానికైతే జవాబు చెప్పొచ్చు అంది.

ఉస్తాద్ టీ తాగి సాసరు కిందపెట్టాడు.

"పనిలో లోటు లేదు."

"మరి?"

ఆయన మెడలో తువ్వాలు తీసి మూతి తుడుచుకున్నాడు.

"సరే. రేపు నాలుగింటిదాకా చూస్తా. మీ మాట పడకపోతే ఎల్లుండి నుంచి మీ షెడ్డు గడప తొక్కను."

ఉస్తాద్ తల ఊపాడు. అది సరేననడమో, పొమ్మనడమో ఆమెకు తెలియలేదు. ఒళ్లు మండిపోయింది.

శుక్రవారం పొద్దున్నే షెడ్డు ముందుకు ఒక క్యారవాన్ వచ్చి ఆగింది. సినిమా షూటింగుల్లో నటులు మేకప్పు వేసుకోడానికీ, నడుం వాల్చడానికీ ఉంటుందే, ఆ ఇల్లులాంటి బండి. ఉతికి ఆరేసిన పంచెలా తెల్లగా, నున్నగా ఉంది. లోపల మంచం, గ్యాసు పొయ్యి, నిలువెత్తు అద్దం, అద్దం చుట్టూ పన్నెండు బల్బులు. హీరోయిన్ మొహానికి పన్నెండు బల్బులు. వెనక వచ్చే లారీవాడికి మాత్రం మిణుగురుపురుగంత. వెనక లైట్లు రెండూ వెలిగీ వెలగనట్టున్నాయి.

బండి డ్రైవరు పేరు సింహాద్రి. అనకాపల్లి వైపు మనిషి. నెలలో ఇరవై అయిదు రోజులు ఆ బండే ఆయన ఇల్లు. హీరోయిన్ లేనప్పుడు ఆ మంచం మీదే నిద్ర, ఆ పొయ్యి మీదే చారు. కిటికీకి తడి లుంగీ ఆరేసుంది.

సింహాద్రి తన గోడు మొత్తం వినిపించాడు. మొన్న హైవే మీద వెనక నుంచి లారీ వచ్చి బండికి జానెడు దూరంలో ఆగింది. టైర్లు కీచుమన్న చప్పుడు ఇంకా చెవుల్లోంచి పోలేదు. లారీవాడు దిగి, నీ బండి నాకు కనపడలేదురా అని తిట్టాడట. తిట్టినందుకు కోపం లేదు, వాడు చెప్పింది నిజమే అన్నాడు. ఇవాళ చీకటి పడ్డాక నల్లమల ఘాటు దాటి షూటింగుకు చేరాలి. ఈ ఆటోనగర్‌లోనే నిన్నట్నుంచి మూడు షెడ్లు తిరిగాడు. మొదటివాడు బల్బులు మార్చాడు. రెండోవాడు పెద్ద బల్బులు వేశాడు. మూడోవాడు ఇంకా పెద్దవి వేశాడు. బల్బు పెద్దదైనకొద్దీ వెలుగు చిన్నదైంది.

చెబుతున్నంతసేపూ సువార్త భుజం మీదుగా షెడ్డు లోపలికి తొంగిచూస్తూనే ఉన్నాడు. లోపల ఎవరూ కనపడలేదు.

"ఏటమ్మా, ఈ ఊర్లో మగోళ్లు లేరేటి?"

"మగాళ్లు కావాలా, లైట్లు కావాలా?"

సింహాద్రి తాళాలు ఇచ్చేశాడు.

సువార్త పొద్దున్నుంచీ కోపంగానే ఉంది. ఆ కోపం చేతుల్లోకి మాత్రం రాలేదు. ముందు బ్యాటరీ చూసింది. బాగుంది. ముగ్గురు మొనగాళ్లూ వేసిన పెద్ద బల్బులు పీకి, బండికి తగిన చిన్నవి వేసింది. వెలుగు రవ్వంత పెరిగింది, అంతకుమించి కదల్లేదు. డ్రైవరు సీటు దగ్గర్నుంచి వెనకదాకా కొత్త వైరు లాగింది. ముప్పై అడుగుల బండి. కార్పెట్టు లేపి, మంచం కింద దూరి, పొయ్యి వెనకనుంచి తీసి లాగింది. స్విచ్చి వేస్తే మళ్లీ అదే మిణుకు.

బండి కరెంటు పని ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇంతే. బ్యాటరీలోంచి బయల్దేరిన కరెంటు బల్బులోంచి పోయి, మళ్లీ బ్యాటరీకి చేరుకోవాలి. పోయేదారి వైరు. తిరిగొచ్చే దారిని ఎర్త్ అంటారు. లారీలకు ఎర్త్ కోసం వేరే వైరు అక్కర్లేదు. బండి ఒళ్లంతా ఇనుమే కాబట్టి ఎక్కడ మర బిగిస్తే అక్కడే ఎర్త్. సువార్త ఈ తొమ్మిదేళ్లలో వందల లారీలు చూసింది. ఇక్కడ కూడా లైటు బిగించిన మరలు ఊడదీసి, తుప్పు పోయేలా గీకి, తళతళలాడించి, గట్టిగా బిగించింది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. తలను అడగలేదు.

పన్నెండయింది. చుట్టూ నలుగురు చేరారు. ఆటోనగర్‌లో ఒకరి ఓటమి చూడటానికి ఎవరికైనా తీరిక దొరుకుతుంది. సింహాద్రి నీడలో గొంతుక్కూర్చుని, మా ఊరి గుళ్లో ఆముదం దీపం ఇంతకన్నా నయం అని తనలో తను అనుకుంటున్నట్టు అందరికీ వినిపించేలా అన్నాడు. నిన్న మొదట బల్బులు మార్చినవాడు కూడా వచ్చి, క్యారవాన్‌కు భుజం ఆనించి నిలబడ్డాడు.

"ఏందమ్మాయ్, అయిందా?"

"అయినప్పుడు పిలుస్తా. కూర్చుని నేర్చుకుందువుగాని."

వాడు నవ్వాడు. నవ్వి పోలేదు. అక్కడే నిలబడ్డాడు.

ఉస్తాద్ జుమ్మా నమాజు ముగించుకుని రెండింటికి వచ్చాడు. నెత్తిన టోపీ అలాగే ఉంది. బెంచీ మీద కూర్చుని, ఏ బండి, ఏం కథ అని కూడా అడగలేదు. సువార్త కూడా చెప్పలేదు. ఏ రోజైనా అడగొచ్చుగాని ఆ రోజు ఆయన్ని ఒక్క మాట అడగడం ఆమెకు ఇష్టం లేదు. ఇంకో అరగంట ఆ బండితో కుస్తీ పట్టింది. లైటు మరోసారి ఊడదీసింది, మరోసారి బిగించింది. మోచేయి గీసుకుపోయింది.

చివరికి పానా కిందపడేసి లేచింది. నల్లమల ఘాటులో ఈ బండి వెనక వచ్చే లారీకి తన పంతం సంగతి తెలియదు.

వెళ్లి ఉస్తాద్‌కు చెప్పింది. బ్యాటరీ బాగుంది, బల్బు బాగుంది, వైరు కొత్తది, మరలు శుభ్రంగా ఉన్నాయి, వెలుగు మాత్రం లేదంది.

"లైట్లు వేసి, ముందుకెళ్లి ఇండికేటర్ చూడు" అన్నాడు ఉస్తాద్.

"పాడైంది వెనక లైటు."

"చూడు."

ఆమె లైట్లు వేసి బండి ముందుకు వెళ్లింది. ఎండ మొహాన కొడుతోంది. రెండు అరచేతులూ ఇండికేటర్ చుట్టూ దోసిలిలా పట్టి, కన్ను ఆనించి చూసింది. అద్దం లోపల బల్బు తీగ, అగరొత్తి కొసలాగా, ఎర్రగా ఉంది.

వెనక్కి వచ్చింది. "ముందు ఇండికేటర్ వెలుగుతోంది. నేను వెయ్యలేదు."

ఉస్తాద్ లేచాడు. ఒక చెయ్యి బండి ఒంటి మీద రాస్తూ నడిచి వెనకకు వచ్చాడు. ఎవరో స్టూలు జరిపారు. కూర్చుని, వేళ్లతో లైటు ఎక్కడుందో తడుముకుని, ఎర్రద్దం ఊడదీశాడు. లోపల మూడు బల్బులు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి వెనక లైటు, ఒకటి బ్రేకుది, ఒకటి ఇండికేటర్.

ఇండికేటర్ బల్బు ఊడదీసి సువార్త అరచేతిలో పెట్టాడు.

వెనక లైటు ఇంకా కుంగింది.

బ్రేకు బల్బు కూడా ఊడదీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

వెనక లైటు ఆరిపోయింది.

ఎవరూ స్విచ్చి ముట్టుకోలేదు. బల్బు మంచిదే. వైరు కొత్తదే. భుజం ఆనించి నిలబడ్డవాడు నిటారుగా అయ్యాడు. సింహాద్రి లేచి వచ్చి, "ఉన్నదీ పోనాదేటి" అన్నాడు నీరసంగా.

ఉస్తాద్ సువార్త వైపు మొహం తిప్పాడు.

"ఇంతసేపూ ఇది ఎవరి దారిలో ఇంటికెళ్లింది?"

సువార్త అరచేతిలో రెండు బల్బుల్నీ చూస్తూ నిలబడింది. తర్వాత వేలి కణుపుతో బండి తెల్లటి ఒంటి మీద కొట్టింది. లారీ అయితే ఖంగుమంటుంది. ఇది చెక్క తలుపులా డొల్లగా పలికింది. ఇంకోచోట కొట్టింది. అక్కడా అంతే.

పైన ఫైబరు. దాని కింద చెక్క. లారీ అనుకుని తొమ్మిదేళ్ల అలవాటుగా ఆమె గీకి, తుడిచి, బిగించిన మరలన్నీ చెక్కలోకి దిగి ఉన్నాయి. ఆ లైటుకు తిరిగొచ్చే దారి లేదు. అందుకని అది పక్కనున్న ఇండికేటర్ బల్బు తీగలో దూరి, దాని వైరు పట్టుకుని ముప్పై అడుగులు ముందుకు పోయి, అక్కడ ఇంకో బల్బులో దూరి, ఎలాగో ఇల్లు చేరుకుంటోంది. బ్రేకు బల్బు దారిదీ అదే కథ. దారి ఇచ్చిన ప్రతివాడూ తన వాటా తను తీసుకుంటున్నాడు. మిగిలిందే ఆ మిణుకు. ఇరుగుపొరుగు దయతలచినంత వెలుగు.

"దీనికి ఎర్త్ లేదు" అంది.

ఉస్తాద్ ఎర్రద్దం ఆమె చేతికిచ్చి, వచ్చినట్టే బండి ఒంటి మీద చెయ్యి రాసుకుంటూ వెళ్లి బెంచీ మీద కూర్చున్నాడు.

సువార్త గోనెపట్టా పరుచుకుని బండి కిందికి దూరింది. మేడకు పునాదిలాగా ఫైబరు ఇంటినంతా మోస్తున్న ఇనుప ఛాసిస్ అక్కడుంది. దాని మీద పేరుకున్న మట్టి దులిపింది. మట్టి కింద నల్లరంగు, రంగు కింద ఇనుము. తెల్లటి ఇనుము కనపడేదాకా గీకింది. రంధ్రం వేసి, బోల్టు బిగించి, ఒక్కో లైటు నుంచీ ఒక్కో నల్లవైరు తెచ్చి కట్టింది. అటువైపు కూడా అలాగే చేసింది. పైకి వచ్చేసరికి జుట్టు నిండా మట్టి. ఊడదీసిన బల్బులన్నీ వాటి చోట్లలో పెట్టి, స్విచ్చి వెయ్యమని సింహాద్రికి చెప్పింది.

వేసి దిగివచ్చాడు. పట్టపగలు, ఎండలో, ఎర్రగా వెలుగుతున్నాయి. సింహాద్రి నమ్మలేక అరచెయ్యి అడ్డం పెట్టాడు. వేళ్ల సందులు ఎర్రబడ్డాయి.

"ఇంత సిన్న బల్బుకేనా" అన్నాడు.

చుట్టూ చేరినవాళ్లు ఒక్కొక్కరే పని గుర్తొచ్చి వెళ్లిపోయారు. భుజం ఆనించినవాడు అందరికంటే ముందే వెళ్లాడు. సింహాద్రి కిటికీకి ఆరేసిన లుంగీ తీసి మడిచాడు. పోతూ పోతూ, పొద్దున మగోళ్ల గురించి నానన్నమాట మర్సిపో తల్లీ అన్నాడు. మర్చిపోనంది సువార్త. ఘాటులో జాగ్రత్తగా పొమ్మని కూడా అంది. క్యారవాన్ మలుపు తిరిగేదాకా ఆ రెండు ఎర్రలైట్లూ కనపడుతూనే ఉన్నాయి.

కిరసనాయిలుతో చేతులు కడుక్కుంటోంది. ఉస్తాద్ బెంచీ మీంచి అడిగాడు.

"నాలుగవుతోంది. కమిటీలో నీకు మాట వెయ్యమంటావా?"

తొమ్మిదేళ్లుగా ఆమె ఎదురుచూసిన ప్రశ్న అది. వేళ్ల సందుల్లో నలుపు పోయేదాకా రుద్దుకుంది. నీళ్లు పోసుకుంది. చీరచెంగుతో తుడుచుకుంటుంటే, పక్క బల్బుల దారిలో మిణుకుమన్న లైటు గుర్తొచ్చింది.

"వద్దు."

ఉస్తాద్ తల ఊపాడు. నిన్న ఊపినట్టే.

ఆమెకు మళ్లీ కోపం వచ్చింది. "మీ మాట నాకు అక్కర్లేదని నిన్ననే చెప్పి ఉండొచ్చుగా?"

"నిన్న మాటిస్తానంటే తీసుకునేదానివి."

అది నిజం. నిజం కాబట్టే ఇంకా మండింది. "తొమ్మిదేళ్లు ఉస్తాద్" అంది.

"తొమ్మిదేళ్లు" అని ఆయన ఒప్పుకున్నాడు. అందులో గర్వం లేదు. క్షమాపణా లేదు. చేతికర్ర కోసం తడుముకుంటుంటే ఆమే తీసి అందించింది. ఇద్దరూ కలిసి బయల్దేరారు. కమిటీ గది దగ్గరకు వచ్చేసరికి ఉస్తాద్ కావాలనే నాలుగడుగులు వెనకబడ్డాడు. ఆమె ఒక్కతే లోపలికి వెళ్లింది.

గదిలో పన్నెండుమంది మగవాళ్లు, ఒక ఇనప బీరువా, ఒక ఫ్యాను ఉన్నాయి. ఆ గదిలోకి ఆడమనిషి రావడం చీపురుతోనే అలవాటు. సువార్త గోడ పక్కనున్న కుర్చీ లాక్కుని, కమిటీ ప్రెసిడెంటు పిచ్చయ్యకు సరిగ్గా ఎదురుగా వేసుకుని కూర్చుంది. పిచ్చయ్యది లారీల కింద బరువు మోసే కమాను కట్టలు వేసే కొట్టు. ఆయన దేనినైనా సుత్తితో ఒకసారి కొట్టి చూశాకే మాట్లాడతాడని పేరు. ఆయన సువార్తను చూడలేదు. ఆమె తల మీదుగా, అప్పుడే వచ్చి చివరి బెంచీ మీద కూర్చున్న ఉస్తాద్‌ని చూశాడు.

"ఏం ఖాసిం భాయ్, మీ అమ్మాయికి మాట వేస్తున్నావా?"

"లేదు" అన్నాడు ఉస్తాద్.

గది తేలికపడింది. ఎవడో మీసంలో నవ్వాడు. పిచ్చయ్య ముందున్న పుస్తకం మూసేశాడు. అయితే అయిపోయిందనీ, ఉస్తాద్ మాట లేకుండా షెడ్డు లేదనీ, ఈసారికి పదిహేడో నంబరు ఖాళీగానే ఉంచుదామనీ అన్నాడు.

"ఆయన మాట నేను అడగలేదు" అంది సువార్త. "షెడ్డు అడిగాను."

"రూలమ్మాయ్."

"ఎక్కడ రాశారో చదవండి."

పిచ్చయ్య బీరువా వైపు చూశాడు. రాసిలేదు, తాతల నాటి నుంచి వస్తోందన్నాడు. ఈ ఆటోనగర్ కట్టి ముప్పయ్యేళ్లు కాలేదు, మీ తాతలు ఎప్పుడొచ్చి వెళ్లారని అడిగింది. ఇంకో మీసం నవ్వబోయి ఆగింది.

"పొద్దున నా దగ్గరికి ఒక క్యారవాన్ వచ్చింది" అంది సువార్త. గొంతు పెంచలేదు. "నాకన్నా ముందు దాన్ని ముగ్గురు ముట్టుకున్నారు. ముగ్గురికీ వాళ్ల వాళ్ల ఉస్తాద్ మాట ఉంది. ముగ్గురూ ఈ గదిలోనే ఉన్నారు."

పేర్లు చెప్పలేదు. అక్కర్లేకపోయింది. ఒకడు గోరు చూసుకున్నాడు, ఒకడు ఫ్యాను చూశాడు, మూడోవాడికి ఫోనులో ఏదో అర్జంటు పని తగిలింది.

పిచ్చయ్య మాట మార్చాడు. అయినా అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. ఉస్తాద్ మాట పెట్టుకున్నది సరదాకు కాదన్నాడు. రేపు నువ్వు ఎవరి బండైనా తగలబెడితే, జనం వచ్చి ఎవర్నడగాలి?

"నన్ను."

"నువ్వు దొరక్కపోతే?"

"పదిహేడో నంబరు తలుపు తట్టమనండి. అక్కడే ఉంటా."

"షెడ్డివ్వలేదనుకో."

"ఆ షెడ్డు ముందు రోడ్డు మీద బల్లేసుకుంటా. రోడ్డు కమిటీది కాదు."

మూలనున్న టైర్ల కొట్టు ముసలాయన, రాయవయ్యా పిచ్చయ్యా, ఇంక ఎంతసేపు సుత్తి వేస్తావు అన్నాడు. ఈసారి నలుగురైదుగురు నవ్వారు. ఆ నవ్వు వేరేగా ఉంది.

పిచ్చయ్య ఎవరైనా కాదంటారేమోనని గది చుట్టూ చూశాడు. కాదనాల్సిన ముగ్గురికీ నోళ్లు పడిపోయి ఉన్నాయి. మెల్లగా పుస్తకం తెరిచాడు. జేబులోంచి పెన్ను తీశాడు. పదిహేడు అని రాశాడు. తేదీ వేశాడు. సువార్త అని రాశాడు. అక్కడ పెన్ను ఆగింది. పేరు ముందు ఖాళీ వదిలిన చోటు మీద పెన్ను కొస పెట్టి, తల ఎత్తి, ఎదుటి కుర్చీ మీదుగా చివరి బెంచీ వైపు చూశాడు.

"ఖాసిం భాయ్, ఈమె ఇంటిపేరేంటి?"

ఉస్తాద్ చెప్పుల కోసం కాళ్లతో తడుముకుంటున్నాడు.

"ఎదురుగా కూర్చుంది" అన్నాడు. "ఆమెనడుగు."